నిర్మాణ స్థలంలో ప్రమాదాలను గుర్తించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. డిప్లొమా ముగించి ఆరు నెలల కిందట గుంటూరులో ఒక అపార్ట్‌మెంటు పనికి సైట్ ఇంజినీరుగా చేరారు. కింద సెల్లారు, పైన ఐదు అంతస్తులు, 40 మంది పనివాళ్లు. పక్క వీధిలో ఒక కూలీ పైనుంచి పడ్డాక మీ యజమాని "మన సైటులో ఉన్న ప్రమాదాలన్నీ రాసి తీసుకురా" అన్నారు. మీరు ఎక్కడో దొరికిన 60 వరుసల పట్టికలో పేర్లు మార్చి గోడకు అంటించారు. దాన్ని ఎవరూ చూడటం లేదు. సేఫ్టీ ఆఫీసరు లేని చిన్న సైటులో ఈ పని అసలు సాధ్యమా, సాధ్యమైతే ఎలా చేయాలి అని అడిగారు.

సాధ్యమే. నేను 22 ఏళ్లుగా ఈ పనుల్లో ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్లు సైట్ ఇంజినీరుగా, ఆ తరువాత భద్రత చూసే బాధ్యతలో. సూటిగా చెబుతాను: ఆ పట్టికను పక్కన పెట్టి, రేపు ఉదయం జరగబోయే పనులను తీసుకోండి. ఒక్కో పనికి ఆ పని చేయించే మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని, సామాను దించిన దగ్గర నుంచి చివర్లో ఊడ్చి సర్దుకునే దాకా వరుసగా చెప్పించండి. ప్రతి అడుగు దగ్గర ఆగి "ఇక్కడ మనిషి ప్రాణం ఎలా పోవచ్చు? దెబ్బ ఎలా తగలవచ్చు?" అని అడగండి. దొరికిన ప్రతి ప్రమాదానికీ, పనివాడి జాగ్రత్త మీద ఆధారపడని అడ్డు ఏదైనా ఉందా అని ముందుగా వెతకండి. అంతా ఒక్క కాగితం మీద రాయండి. పని మారిన రోజు కాగితం కూడా మార్చండి.

వివరాల్లోకి వెళ్లే ముందు ఒక తొందర విషయం. మీ ప్రశ్న చివర "వచ్చే వారం సంపు సెంట్రింగ్ విప్పించాలి" అని రాశారు, అంటే నేల కింది నీళ్ల తొట్టిలో కాంక్రీటు గట్టిపడే దాకా దాన్ని మోసిన చెక్కల అచ్చును తీయించాలి. కింద సంపు గురించి రాసింది పూర్తిగా చదివే దాకా ఆ పని మొదలుపెట్టవద్దు. ఈ రోజే దాని మూతకు తాళం వేయించండి.

పట్టిక ఎందుకు పనికిరాలేదంటే

"ఎత్తు నుంచి పడే ప్రమాదం: జాగ్రత్తగా ఉండవలెను" అన్న వరుస దేశంలోని ఏ సైటుకైనా సరిపోతుంది. అందుకే మీ సైటులో ఎవరికీ ఉపయోగపడదు. ఫ్యాక్టరీలో యంత్రం ఇవాళ ఎక్కడుందో రేపూ అక్కడే ఉంటుంది. మన దగ్గర నిన్న నడిచిన దారి ఇవాళ ఉండదు. ఉదయం గట్టిగా నిలబడిన మట్టి గోడ మధ్యాహ్నం వానకు నానిపోతుంది. రాడ్ బెండింగ్ వాళ్లు దిగిన చోటికి కరెంటు పనివాళ్లు ఎక్కుతారు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇలాంటి మార్పుల దగ్గర జరిగినవే.

ఒక సంఘటన చెబుతాను. హైదరాబాదులో నేను పనిచేసిన ఒక సైటులో, నాలుగో అంతస్తు స్లాబులో ప్లంబింగ్ పైపుల కోసం రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఖాళీ వదిలారు. దాని మీద ఒక ప్లైవుడ్డు ముక్క పరిచారు. మా పట్టికలో "ఖాళీలు మూసి ఉన్నాయి" అన్న వరుసకు ఎదురుగా నా సంతకం ఉంది. సాయంత్రం సెంట్రింగ్ పనిలో ఒక కుర్రవాడికి ప్లైవుడ్డు ఒకటి తక్కువైంది. కళ్లెదుట ఒకటి ఊరికే పడి ఉంది. దాన్ని రెండు చేతులతో నిలువుగా ఎత్తి, ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఒక అడుగు ముందుకు వేశాడు. ఎత్తిన ముక్కే అతని చూపుకు అడ్డమైంది. కింది అంతస్తులో ఆ ఖాళీకి అడ్డంగా మిగిలి ఉన్న చువ్వల మీద పడ్డాడు కాబట్టి బతికాడు, తుంటి ఎముక విరిగింది. మర్నాడు ఆ ముక్కను తెప్పించి చూశాను. ఒక పక్క ఎండిన సిమెంటు మరకలు, అంచులు నలిగి ఉన్నాయి. నాలుగు మూలల్లో ఎక్కడా ఒక్క మేకు రంధ్రం లేదు. మేము మూత అనుకున్నది అతనికి అచ్చంగా ఒక సెంట్రింగ్ ముక్కలాగే కనిపించింది. తప్పు అతనిది కాదు, మాది.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చాను. స్లాబు పోసేటప్పుడే ఖాళీ గుండా చువ్వల జల్లెడను కోయకుండా అలాగే పోనిస్తాం. పైపులు వచ్చిన రోజున, పైపు పట్టేంత వరకే కోస్తాం. ఇక ఆ జల్లెడను ఎత్తుకుపోవడం ఎవరి తరమూ కాదు. అది కుదరని చోట మూత అడుగున ఖాళీకి సరిపోయే చెక్క పట్టీలు బిగించి, పక్కకు జరగకుండా స్లాబుకు మేకులు కొట్టించి, ఎర్ర రంగుతో "కింద గుంత ఉంది" అని తెలుగులోనూ హిందీలోనూ రాయిస్తాం. లిఫ్టు గుంత ముఖానికి తాడు కట్టి వదిలేయకండి. గోడలో బిగించిన ఇనుప పైపులు రెండు వరుసలు పెట్టండి, లేదా తలుపులు వచ్చేదాకా నడుము ఎత్తు ఇటుక గోడ కట్టించేయండి.

అడ్డు వెతికే వరుస

ప్రమాదం కనబడగానే అందరికీ మొదట గుర్తొచ్చేది హెల్మెట్టు. అది ఆఖరున రావాలి. ముందు, ఆ ప్రమాదం అసలు లేకుండా చేయగలమా అని చూడాలి. పిల్లరు చువ్వల బోను పైన నిలబడి అల్లే బదులు నేల మీద అల్లి పైకి ఎత్తవచ్చు. లేకుండా చేయలేకపోతే, తక్కువ ప్రమాదం ఉన్న పద్ధతికి మారాలి. రాయిని పొడిగా కోస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది, నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు లేవదు. అదీ కుదరకపోతే మనిషికీ ప్రమాదానికీ మధ్య అడ్డు కట్టాలి. ఆ తరువాతే మనుషులకు చెప్పే నియమాలు, హెచ్చరికలు. చివరగా ఒంటికి తొడిగేవి. కిందికి దిగే కొద్దీ, ఫలితం పనివాడి జ్ఞాపకం మీద, ఓపిక మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మే నెల ఎండలో, పదో గంట పనిలో ఉన్న మనిషి జ్ఞాపకాన్ని నమ్ముకుని పని నడపకూడదు.

సేఫ్టీ బెల్టు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. దాని తాడు సుమారు 1.8 మీటర్లు. మనిషి పడినప్పుడు అదిరింపును ఆపే భాగం సాగి మరో మీటరు దాకా పెరుగుతుంది. అతని ఒంటి పొడవు దానికి కలుస్తుంది. తాడును కాళ్ల దగ్గర కట్టుకుంటే ఇంకా కిందికి వెళ్తాడు. మొత్తం మీద కింద 5 మీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. మొదటి అంతస్తు స్లాబు అంచున, మూడు మీటర్ల ఎత్తులో బెల్టు పెట్టుకున్న మనిషి, ఆ బెల్టు పట్టుకునే లోపే నేలను తాకుతాడు. అక్కడ కావలసింది అంచు వెంట రెయిలింగు. బెల్టు ఇస్తే మాత్రం కొక్కెం ఎక్కడ తగిలించాలో మీరే ముందుగా చూపించాలి. పరంజా గొట్టానికి తగిలిస్తే మనిషితో పాటు పరంజా కూడా కూలవచ్చు.

కరెంటు

రేపు మీ సైటులో మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గరికి, చువ్వలు కోసే యంత్రం దగ్గరికి వెళ్లి వైరు ఎలా తగిలించారో చూడండి. ప్లగ్గు లేకుండా వైరు కొసలను సాకెట్‌లో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు కుక్కి ఉంటారు. నేను వెళ్లిన సైటుల్లో సగం చోట్ల ఇదే చూశాను. ఆ వైరు తడి నేల మీదుగా, చువ్వల కుప్ప కింది నుంచి వెళ్తుంది. మధ్యలో ఉన్న జాయింటుకు చుట్టిన టేపు ఎండకు ఊడి వేలాడుతూ ఉంటుంది.

"ఎంసీబీ ఉంది కదా సార్" అంటారు. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే స్విచ్చు. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి ప్రవహిస్తేనే పడిపోతుంది. మనిషి గుండె ఆగడానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా అవసరం లేదు. మనిషి కోసం కావలసింది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఒంటి గుండా కరెంటు భూమిలోకి పోవడం మొదలైన క్షణంలోనే అది సరఫరాను తెంచేస్తుంది. దాని మీద పరీక్షించే బటన్ ఉంటుంది. వారానికి ఒకసారి మీరే నొక్కండి, పడిపోకపోతే ఆ రోజే మార్పించండి. ఎక్కువసార్లు పడిపోతోందని ఎలక్ట్రీషియను దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తాడు. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. ఆ వైరును వెతికి మార్చాలి.

ఇంకొకటి, మీ భవనం ముందు వీధిలో వెళ్లే 11 కేవీ (11 వేల వోల్టుల) తీగలు. నిబంధన ప్రకారం అవి భవనం అంచుకు పక్కగా కనీసం 1.2 మీటర్ల దూరంలో ఉండాలి. పూర్తయిన భవనానికి అది సరిపోవచ్చు. కానీ మనకు వచ్చే చువ్వ పొడవు 12 మీటర్లు. ఇద్దరు కుర్రవాళ్లు భుజాన వేసుకుని మూడో అంతస్తులో ఒక పక్కకు తిరిగితే, దాని కొస భవనం దాటి అంత దూరం అవలీలగా వెళ్తుంది. విద్యుత్ శాఖకు రాసి తీగలను జరిపించండి, లేదా పని జరిగేటప్పుడు సరఫరా ఆపించండి. ఆ లోపు, చువ్వలు పైకి చేర్చడం వీధి వైపు నుంచి పూర్తిగా మానేసి వెనక వైపు నుంచే జరగాలి. చువ్వలను కిందే కొలతకు కోసి పంపితే ప్రమాదంలో చాలా భాగం అక్కడే పోతుంది.

సంపు

దీని గురించి రాస్తుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది. కోస్తాలో మాకు దగ్గరలోని ఒక సైటులో, స్లాబు పోసి నెల దాకా మూసి ఉంచిన సంపులో సెంట్రింగ్ విప్పడానికి ఒకతను దిగాడు. పిలిస్తే పలకలేదు. అతని బావమరిది దిగాడు. అతనూ పలకలేదు. మూడో మనిషి మూత దగ్గర కాలు పెట్టబోతుంటే మా వాచ్‌మన్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ లాగడం వల్లే ఒక ప్రాణం మిగిలింది. లోపల మంట లేదు, వాసన లేదు, మోకాలి లోతు నీళ్లు మాత్రమే.

జరిగేది ఇది. మూసిన కాంక్రీటు పెట్టెలో తడి చెక్కలు, నిలిచిన నీళ్లు వారాల తరబడి ఉంటాయి. చెక్క కుళ్లుతూ లోపలి గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. మామూలు గాలిలో అది 20.9 శాతం ఉంటుంది. 19.5 శాతం కంటే తగ్గితే లోపలికి వెళ్లకూడదన్నది ప్రమాణం. బాగా తగ్గిన చోట మనిషికి ఊపిరి ఆడటం లేదని కూడా తెలియదు, రెండు మూడు శ్వాసలకే స్పృహ తప్పుతుంది. పైకి కేక వేసే వ్యవధి ఉండదు.

మీరు చేయవలసింది: మూతలన్నీ తెరిచి, బ్లోయరు గొట్టాన్ని అడుగు దాకా దింపి బయటి గాలిని చాలాసేపు లోపలికి కొట్టించాలి, పని జరుగుతున్నంత సేపూ ఆపకూడదు. గ్యాస్ మీటరును అద్దెకు తెచ్చి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా కొలవాలి. మీటరు దొరకకపోతే దొరికే దాకా పని ఆగాలి. దిగే మనిషి ఒంటికి పూర్తి బెల్టు, దానికి తాడు, ఆ తాడు కొస బయట ముక్కాలి చట్రం మీది చక్రానికి. బయట ఇద్దరు అక్కడి నుంచి కదలకూడదు. లోపలి మనిషి పలకకపోతే ఎవరూ దిగకూడదు, తాడుతో పైకి లాగడమే. ఈ ఒక్క మాటను అందరి చేతా తిరిగి చెప్పించండి. అన్నయ్య లోపల ఉంటే తమ్ముడు ఆగడు, అందుకే ముందే చెప్పించాలి. నీళ్లు తోడటానికి డీజిల్ పంపును లోపల పెట్టవద్దు, దాని పొగ కూడా అలాగే చంపుతుంది. వచ్చే భవనంలో సంపు కప్పుకు ముందే పోసి ఆరబెట్టిన కాంక్రీటు పలకలు పరిచేలా డిజైనరును అడగండి. లోపల సెంట్రింగే ఉండదు, దిగే పనీ ఉండదు.

తవ్వకం, సెంట్రింగ్

మీ సెల్లారు తవ్వకం అయిపోయింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను, డ్రైనేజీ కాలువలకు పనికొస్తుంది. ఒకటిన్నర మీటర్ల లోతు దాటితే పక్కలను వాలుగా కోయాలి లేదా చెక్కలతో బిగించాలి. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. 1.2 మీటర్ల లోతు నుంచే నిచ్చెన ఉండాలి, అది పైఅంచుకు 90 సెంటీమీటర్లు పైకి రావాలి. ఇవి కేంద్ర ప్రజా పనుల శాఖ భద్రతా నియమావళిలోనివే. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైనే తూగుతుంది. ఛాతీ దాకా కూరుకుపోయిన మనిషి ఊపిరి పీల్చుకోలేడు. మీది నల్లరేగడి నేల. ఎండినప్పుడు పగుళ్లు విచ్చుతుంది, వాన నీళ్లు ఆ పగుళ్లలోకే దిగుతాయి. వాన పడిన మర్నాడు అంచు వెంట నడిచి, అంచుకు సమాంతరంగా కొత్త పగులు ఉందేమో చూడకుండా ఎవరినీ దించవద్దు.

సెంట్రింగ్ ముట్లు (కింద నిలబెట్టే ఊతకర్రలు) ఎప్పుడు తీయాలన్నది కాంక్రీటు పనికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది: ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబుకు 7 రోజులు, దాటితే 14. దూలాలకు 6 మీటర్ల లోపు 14 రోజులు, దాటితే 21. ఇవి మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇచ్చిన రోజులు. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ (పోజోలానా కలిపిన సిమెంటు) నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, ఇంకొన్ని రోజులు ఆగాలి. పైన మరో స్లాబు పోస్తుంటే కింది ముట్లు ఉంచాలి. పోసిన తేదీని పిల్లరు మీద పెద్ద అక్షరాలతో రాయండి, మేస్త్రీతో వాదన సగం తగ్గుతుంది.

మార్కుల గురించి

మీరు దించుకున్న పట్టికలో ప్రతి ప్రమాదానికీ 1 నుంచి 25 దాకా మార్కులు ఉన్నాయి. పెద్ద ప్రాజెక్టుల్లో వాటికి ప్రయోజనం ఉంది. చిన్న సైటులో మాత్రం, ఎక్కువ మార్కులు వచ్చిన ఎర్రగడిని ఆకుపచ్చగా మార్చడానికి "జరిగే అవకాశం" అంకెను 4 నుంచి 2కు దించడం నేను ఎన్నోసార్లు చూశాను. మీరు ఒక్కటే అడగండి: ఇది జరిగితే ప్రాణం పోతుందా? పోతుందంటే అరుదా తరచా అన్న లెక్క వద్దు, అడ్డు కట్టే దాకా పని మొదలవకూడదు.

డబ్బు దగ్గర తేలే సంగతి

ఇది ఏ పట్టికలోనూ ఉండదు, కానీ నా అనుభవంలో ఇదే అన్నిటికన్నా గట్టిగా పనిచేస్తుంది. మీ సెంట్రింగ్ గుంపు గుత్త పని చేస్తోంది, చదరపు అడుగుకు ఇంత అని. రెయిలింగు కట్టడానికి పోయే సగం రోజుకు వాళ్లకు పైసా రాదు. కట్టమంటే కడతారు, మీరు అటు తిరగగానే ఆ పైపులు ముట్లకు పోతాయి. దీన్ని తిట్టి మార్చలేరు. రెయిలింగుకు మీటరుకు ఇంత అని ఒప్పందంలోనే విడిగా రేటు రాయమని యజమానితో చెప్పండి. మూతలకు కూడా అంతే. డబ్బు వచ్చే పని అయ్యాక రెయిలింగు ఊడితే మేస్త్రీయే వచ్చి మీకు చెబుతాడు.

పని ఆపే అధికారం గురించి భయపడుతున్నారని మీ మాటల్లో తెలుస్తోంది. వయసులో మీకు రెట్టింపు ఉన్న మేస్త్రీకి "ఆపండి" అని చెప్పడం కష్టమే. యజమాని చేత ఒక కాగితం మీద మూడే మూడు నియమాలు రాయించి సంతకం చేయించండి: గాలి కొలవకుండా సంపులోకి ఎవరూ దిగరు, అంచుకు అడ్డు లేకుండా ఎవరూ పనిచేయరు, ఆర్‌సీసీబీ లేని లైను నుంచి యంత్రం నడవదు. అప్పుడు ఆపేది ఆ కాగితం, మీరు కాదు. తప్పినవాడికి జరిమానా వేయవద్దు. జరిమానా మొదలైన రోజు నుంచి ఎవరూ మీకు ఏదీ చెప్పరు. త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని వచ్చి చెప్పిన మనిషికి అందరి ముందూ కృతజ్ఞత చెప్పండి.

ఉదయం పది నిమిషాల మాటలు వాళ్ల భాషలో జరగాలి. మీ దగ్గర ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారని రాశారు. వాళ్లలో తెలుగు వచ్చిన ఒకరి చేత చెప్పించండి, "అర్థమైందా" అని అడగకుండా, "ఇప్పుడు నువ్వు ఎటు నుంచి ఎక్కుతావో చూపించు" అనండి. చేతితో చూపించలేకపోతే అర్థం కానట్టే.

చట్టం సంగతి: 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం పదిమంది లేదా అంతకు మించి ఉన్న పనులను తన పరిధిలోకి తెచ్చింది. 2020 వృత్తి భద్రత కోడ్‌లో దాన్ని కలిపారు. 1998 కేంద్ర నియమాలు సేఫ్టీ ఆఫీసరును తప్పనిసరి చేసింది 500 మంది ఉన్న చోట, 2020 కోడ్ ఆ సంఖ్యను నిర్మాణ పనులకు 250కి దించింది. అంటే మీ సైటుకు వేరే మనిషి రాడు, ఆ బాధ్యత మీ మీదా మీ యజమాని మీదా ఉంది. పనివాళ్లకు సంక్షేమ బోర్డు కార్డులు ఉన్నాయో లేదో కూడా ఈ వారమే చూడండి. ఏదైనా జరిగాక కార్డు చేయించడం కుదరదు.

ఒక కాగితం ఎలా ఉంటుందో చూపిస్తాను. పని: మూడో అంతస్తు స్లాబు సెంట్రింగ్ విప్పడం. పోసిన తేదీ చూశాం, గడువు దాటింది. ముట్లు తీసేటప్పుడు పలక తల మీద పడవచ్చు, కాబట్టి ఒక గదిలో ఒకే జట్టు, మధ్య నుంచి అంచుకు. విప్పిన పలకలు అంచు దాటి వీధిలో పడవచ్చు, కాబట్టి అంచు రెయిలింగు ముందు కట్టాలి, కింద పది అడుగుల మేర తాడు, అక్కడ ఒక మనిషి. మేకులు పైకి ఉన్న చెక్కలను తొక్కవచ్చు, కాబట్టి విప్పిన చోటే మేకులు వంచాలి. డక్టు ఖాళీలు మూడు, జల్లెడ కోయలేదు, నేను చూశాను. కింద మేస్త్రీ పేరు, నా సంతకం, తేదీ. ఇంతే, ఒకవైపు సరిపోతుంది.

రేపటి పనికి ఇలా ఒకటి రాసి పెట్టండి, చూసి చెబుతాను. సంపుకు గ్యాస్ మీటరు దొరికిందో లేదో కూడా రాయండి.